జీతం వేరు, బత్తెం వేరు



జీతం బత్తెం లేకుండా మేకల్ని కాస్తానని తోడేలు ముందుకొచ్చిందట. ఈ సామెత మీరంతా చిన్నప్పుడే విని ఉంటారు. తోడేలు గడుసుతనానికి నవ్వుకుంటాం గానీ, అందులో జీతం, బత్తెం అని రెండు మాటలు ఎందుకున్నాయో ఆలోచించం. జీతం అంటే సరిపోయేది కదా? సరిపోదు. జీతం చేసిన పనికి ఇచ్చేది. బత్తెం పని మీద ఉన్నన్నాళ్లూ కడుపుకు పెట్టేది. మొదటిది ఇంటికి వెళ్తుంది, రెండోది దారిలోనే ఖర్చయిపోతుంది. పెద్దవాళ్లు ఈ రెంటినీ విడివిడిగా లెక్కపెట్టారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఐర్లండ్‌లో లారీలు నడిపేవాళ్ల సంపాదన గురించి, దాని మీద పడే పన్ను గురించి. విషయమంతా ఆ సామెతలోని రెండు మాటల మధ్యే నడుస్తుంది.

మా మేనమామ విజయవాడ ఆటోనగర్ నుంచి కలకత్తా లైన్లో లారీ తోలేవాడు. బండి బయలుదేరేముందు ఓనరు గుమాస్తా ఆయన చేతిలో డీజిలు డబ్బు, టోలు డబ్బు, బత్తా డబ్బు మూడు కట్టలుగా పెట్టేవాడు. బత్తా కట్ట మాత్రం చొక్కా లోపలి జేబులోకి వెళ్లేది. జీతం నెలకోసారి అత్తయ్య వెళ్లి తెచ్చుకునేది. ‘జీతం మీ అత్తది, బత్తాలో మిగిలింది నాది’ అనేవాడు మామయ్య. అందులో మిగల్చడానికి ఆయన పడ్డ పాట్లు ఇంతా అంతా కాదు. క్యాబిన్‌లో కిరసనాయిలు స్టవ్వు, ఒక గిన్నె, బియ్యం మూట, ఊరగాయ సీసా. తుని దాటాక ఎక్కడో చెట్టు కింద బండి ఆపి క్లీనరు చేత అన్నం వండించేవాడు. హోటల్లో భోంచేస్తే బత్తా అక్కడికే సరి, వండుకుంటే ఇంటికొచ్చేటప్పుడు పిల్లలకు కలకత్తా మిఠాయి. ఆ మిఠాయి తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇప్పుడు నేను డబ్లిన్ దగ్గర ఒక రవాణా కంపెనీలో జీతాల లెక్కలు చూస్తున్నాను. డ్రైవర్లలో ఐరిష్‌వాళ్లున్నారు, పోలండ్, రొమేనియావాళ్లున్నారు, మనవాళ్లూ ఉన్నారు. ఇక్కడ డ్రైవర్లు బత్తా అనరు, నైట్ అవుట్ అంటారు. ‘ఈ వారం నాలుగు నైట్ అవుట్లు’ అంటే నాలుగు రాత్రులు బండిలోనే పడుకున్నానని అర్థం. మన ఆర్టీసీవాళ్లు నైట్ హాల్ట్ అన్నట్టే. కాగితం మీద దీని పేరు సబ్‌సిస్టెన్స్. అమెరికాలో పెర్ డియం. పేరు ఏదైనా లోపలి జేబు అదే. రోస్లేర్ రేవులో ఓడ కోసం వరసలో నిలబడ్డ బండ్ల మధ్య నడిచి చూడండి, చిన్న గ్యాస్ పొయ్యి మీద గుడ్లు వేయించుకుంటూ కనిపిస్తారు. బ్రెడ్డులో సాసేజీ, బేకన్, గుడ్డు కుక్కి ఇచ్చే బ్రేక్‌ఫాస్ట్ రోల్ అని ఈ దేశపు డ్రైవర్ల టిఫిను ఒకటుంది. అది కూడా రోజూ కొనుక్కు తింటే నైట్ అవుట్ డబ్బు ఏం మిగులుతుంది అంటారు.

ఇక అసలు లెక్క. ఇక్కడి పన్నుల శాఖ పేరు రెవెన్యూ. మన తహసీల్దారు ఆఫీసు అనుకోకండి, భూముల రికార్డులతో దీనికి పని లేదు. వాళ్ల సూత్రం మన సామెత లాంటిదే. పని మీద మామూలు పనిచోటికి దూరంగా వెళ్లిన ఉద్యోగి తన జేబులోంచి పెట్టిన ఖర్చును యజమాని తిరిగి ఇస్తే, అది ఆదాయం కాదు, దాని మీద పన్ను లేదు. ప్రతి టీకీ రసీదు చూపించక్కర్లేకుండా, ప్రభుత్వోద్యోగులకు నిర్ణయించిన రేట్లనే హద్దుగా పెట్టారు. ఇంటికీ పనిచోటికీ 8 కిలోమీటర్ల అవతల 5 నుంచి 10 గంటలు ఉంటే రోజుకు 19 యూరోల 25 సెంట్లు. పది గంటలు దాటితే 46 యూరోల 17 సెంట్లు. రాత్రి బస 100 కిలోమీటర్ల అవతలైతే, 2025 జనవరి చివరి నుంచి 205 యూరోల 53 సెంట్లు. ఆ హద్దు లోపల ఇచ్చినంతవరకు పన్ను లేదు. అయితే ఇవి గరిష్ఠ హద్దులు మాత్రమే. ఇంత ఇచ్చి తీరాలని యజమానిని ఎవరూ బలవంతపెట్టరు. ఇచ్చేదెంతో ఉద్యోగ ఒప్పందం మీద ఆధారపడుతుంది.

ఆ 205 యూరోల మాట వినగానే మా డ్రైవరొకాయన ఎగిరి గంతేశాడు. ‘వారానికి నాలుగు రాత్రులు, ఎనిమిది వందల ఇరవై! పన్ను లేకుండా!’ అన్నాడు. కాదు నాయనా అన్నాను. ఆ రేటు ప్రభుత్వోద్యోగి హోటల్లో దిగి, అద్దె కట్టి, భోంచేస్తాడని లెక్కేసి పెట్టింది. నువ్వు పడుకునేది సీటు వెనక పరుపు మీద. ఆ పరుపు కంపెనీదే, బండీ కంపెనీదే. గది అద్దె కట్టనివాడికి గది అద్దె తిరిగి ఇవ్వడం ఎలా కుదురుతుంది? నువ్వు తిన్నది, కడుక్కున్నది, బండి నిలపడానికి కట్టింది, అంతవరకే న్యాయం. ఇంకో తిరకాసు ఉంది. డబ్లిన్ నుంచో రోస్లేర్ నుంచో ఫ్రాన్స్ వెళ్లే ఓడల్లో సరుకు బండి టికెట్టులో డ్రైవరు పడకా, భోజనమూ కలిసి ఉండటం మామూలే. ఆ టికెట్టు కొన్నది యజమాని. ఓడలో గడిచిన రాత్రికి డ్రైవరు జేబులోంచి పోయింది కాఫీ డబ్బులే.

ఈ ద్వీపంలో ఒక చిత్రం ఉంది. డండాక్ నుంచి న్యూరీకి అరగంట కూడా పట్టదు. దారి ఒకటే, వాన ఒకటే. కానీ మధ్యలో సరిహద్దు ఉంది, న్యూరీ బ్రిటన్ కిందికి వస్తుంది. బ్రిటిష్ పన్నుల శాఖ లారీ డ్రైవర్లకంటూ ప్రత్యేకంగా ఒక రాత్రి బత్తా పెట్టింది. 2013 జనవరి నుంచి అది 34 పౌండ్ల 90 పెన్నీలు. బండిలోనే పడక ఉంటే అందులో 75 శాతం, అంటే 26 పౌండ్ల 20 పెన్నీలు. తక్కువే, కానీ సూటిగా ఉంది. పరుపు మీద పడుకున్నవాడు, గదిలో పడుకున్నవాడు ఒకటి కాదని వాళ్లు అంకెల్లోనే రాసిపెట్టారు. గుమాస్తాగా నాకు ఆ సూటిదనం నచ్చుతుంది. హోటల్ రేటు చూపించి దానికి లోపల ఎంత న్యాయమో తేల్చుకోమంటే, తేల్చుకునే బాధ కంపెనీ మీద, చివరికి డ్రైవరు మీద పడుతుంది.

ఇప్పుడు అంకెలు చెప్తాను. కాగితం, పెన్సిలు ఉంటే దగ్గర పెట్టుకోండి.

ఇద్దరు డ్రైవర్లు అనుకోండి, ఇద్దరూ ఒంటరివాళ్లే. మొదటివాడికి కంపెనీ వారానికి 900 యూరోలు ఇస్తుంది, మొత్తం జీతంగానే. రెండోవాడికీ వారానికి 900 యూరోలే ఇస్తుంది, కానీ 700 జీతం, 200 నైట్ అవుట్. 2025 రేట్ల ప్రకారం చూద్దాం. ఆదాయపు పన్ను 44,000 యూరోల దాకా 20 శాతం, ఆపైన 40 శాతం. అందులోంచి మామూలు రాయితీలు 4,000 తీసేస్తారు. దానికి తోడు యూఎస్‌సీ అని ఒక సామాజిక సుంకం, పీఆర్‌ఎస్‌ఐ అని ఒక బీమా చందా. పీఆర్‌ఎస్‌ఐని 4.1 శాతం కింద వేస్తున్నాను. అక్టోబరులో కాస్త పెరిగింది, లెక్క తేలిగ్గా ఉండాలని దాన్ని వదిలేశాను.

మొదటివాడి ఏడాది జీతం 46,800. 44,000 దాటిన 2,800 మీద 40 శాతం పడింది. పన్ను 5,920, యూఎస్‌సీ 950, పీఆర్‌ఎస్‌ఐ 1,919. చేతికి వచ్చేది సుమారు 38,000. రెండోవాడి జీతం 36,400. పన్ను 3,280, యూఎస్‌సీ 638, పీఆర్‌ఎస్‌ఐ 1,492. మిగిలిన దాదాపు 31,000కి పన్ను తగలని 10,400 నైట్ అవుట్ డబ్బు కలపండి. సుమారు 41,400. తేడా ఏడాదికి 3,400కి కాస్త తక్కువ. వారానికి 65 యూరోలు.

అంటే ఒకే బండి, ఒకే దారి, ఒకే 900 యూరోలు, రెండోవాడికి వారం వారం 65 ఎక్కువ. యజమానికీ లాభమే. జీతం మీద తను కట్టాల్సిన బీమా చందా 11 శాతం పైచిలుకు, ఆ 10,400 మీద కట్టక్కర్లేదు కాబట్టి అతనికీ ఏడాదికి 1,160 యూరోల దాకా మిగులుతుంది. ఇద్దరికీ లాభం వచ్చే బేరం ఎవరు వద్దంటారు? రెండోవాడు నిజంగా నాలుగు రాత్రులు రోడ్డు మీద ఉండి, రాత్రికి 50 యూరోలు తిండికీ స్నానానికీ బండి నిలపడానికీ ఖర్చుపెట్టుకుంటే, ఇందులో తప్పు లేదు. నిజానికి అన్యాయం మొదటివాడికే జరుగుతోంది. వాడు తినే రోడ్డు కూడు పన్ను కట్టాక మిగిలిన డబ్బుతో తింటున్నాడు.

గొడవ ఎక్కడంటే, ఆ 200 నిజంగా బత్తెం కానప్పుడు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి పడుకునే డ్రైవరుకు కూడా రోజుకు 40 యూరోలు ‘ఖర్చులు’ అని రాసే యజమానులుంటారు. జీతాన్ని కోసి బత్తెం చొక్కా తొడగడమే అది. బయటికి వెళ్లినా వెళ్లకపోయినా ఇంత అని గుండుగుత్తగా ఇచ్చేదాన్ని రెవెన్యూ ఖర్చుగా ఒప్పుకోదు, జీతంగానే లెక్కేసి పన్ను అడుగుతుంది. హద్దు రేట్లు ఒప్పుకోవడానికి కూడా వెళ్లిన తేదీ, పని, వెళ్లిన వేళ, వచ్చిన వేళ రాసిన పట్టీ ఉండాలి, దాన్ని ఆరేళ్లు దాచాలి. లారీల విషయంలో ఆ పట్టీ కల్పించడం కష్టం. ప్రతి బండిలోనూ టాకోగ్రాఫ్ ఉంటుంది. అది ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు ఆగిందో నిమిషాల మీద రాసుకుంటుంది. యార్డులో నిలబెట్టిన బండికి కార్క్‌లో నైట్ అవుట్ రాస్తే, బండే సాక్ష్యం చెప్పేస్తుంది.

ఇంకో మార్పు 2024 జనవరి 1న వచ్చింది. అంతకుముందు పన్ను లేని ఖర్చులు కంపెనీ పుస్తకాల్లో ఉండేవి, తనిఖీకి వస్తే తప్ప రెవెన్యూకు కనిపించేవి కావు. ఇప్పుడు ప్రయాణపు ఖర్చులు, బత్తా, ఇంటినుంచి పనిచేసినందుకు ఇచ్చే రోజుకు 3 యూరోల 20 సెంట్లు, పండగలకు ఇచ్చే చిన్న బహుమతులు, వీటిని చెల్లించే రోజునో అంతకుముందో పేరు పేరునా రెవెన్యూకు తెలపాలి. రసీదు ఉన్న బత్తా ఒక గడి, రసీదు లేని బత్తా ఇంకో గడి. మాకు ఆ నెలలో నిద్ర లేదు. కానీ నిజం చెప్పాలంటే, అది వచ్చాకనే చాలామంది యజమానులకు బత్తెం అంటే ఏమిటో గుర్తొచ్చింది.

సరే, పట్టుబడే సంగతి వదిలేద్దాం. అంతా సక్రమంగానే ఉందనుకుందాం. అయినా ఆ వారానికి 65 యూరోల లాభానికి ఒక వెల ఉంది. అది వెంటనే కనిపించదు, ఏళ్ల తర్వాత కనిపిస్తుంది. మా ఆఫీసుకు రెండేళ్ల కిందట ఒక కుర్రవాడు వచ్చాడు, గుంటూరు జిల్లావాడు. అంతకుముందు ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేశాడు. ఇల్లు కొనుక్కుందామని బ్యాంకుకు వెళ్తే, అతను అనుకున్న ఆదాయం బ్యాంకు లెక్కలో లేదు. ‘ప్రతి నెలా నా ఖాతాలో ఇంత పడుతోంది, చూడండి’ అన్నాడట. వాళ్లు చూడలేదు. ఇక్కడి కేంద్ర బ్యాంకు నియమం ప్రకారం మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు స్థూల ఆదాయానికి నాలుగు రెట్లదాకా అప్పు ఇవ్వొచ్చు. స్థూల ఆదాయం అంటే జీతం. బత్తా తిరిగి ఇచ్చిన ఖర్చు, అది ఆదాయం కాదని మనమే కదా చెప్పుకున్నాం! మన ఉదాహరణలో మొదటివాడికి 1,87,200 యూరోల దాకా అప్పు పుడుతుంది. రెండోవాడికి 1,45,600. తేడా 41,600. డబ్లిన్‌లో ఇల్లు వెతికిన ఎవరినైనా అడగండి, నలభై వేల తేడా అంటే ఏమిటో.

ఉద్యోగం పోతే? 2025 మార్చి 31 నుంచి ఇక్కడ నిరుద్యోగ భృతి జీతాన్ని బట్టి ఇస్తున్నారు. ఐదేళ్లు చందా కట్టినవాడికి మొదటి మూడు నెలలు పాత సంపాదనలో 60 శాతం, వారానికి 450 మించకుండా. 900 జీతంవాడికి లెక్క ప్రకారం 540 రావాలి, 450 దగ్గర ఆగుతుంది. 700 జీతంవాడికి 420. నష్టం వారానికి ముప్పయ్యే. పెద్దగా కనిపించదు గానీ, అది వచ్చేది రూపాయి రూపాయి చూసుకునే రోజుల్లో. 2026 జనవరిలో మొదలైన కొత్త పింఛను పథకం ఒకటుంది. ఉద్యోగి జీతంలో 1.5 శాతం, యజమాని 1.5, ప్రభుత్వం అర శాతం వేస్తారు. మన రెండోవాడికి ఈ మూడింటి మీదా కలిపి ఏడాదికి 364 యూరోలు తక్కువ జమ అవుతాయి. ముప్పయ్యేళ్లు బండి నడిపేవాడికి అది చిన్న సొమ్ము కాదు. సెలవు మీద ఇంటికి వెళ్తే నైట్ అవుట్ ఉండదు, సంక్రాంతికి ఊళ్లో ఉన్న వారాల్లో 700 మాత్రమే. అయితే ఒక చోట బత్తా దెబ్బ కొట్టదు. కంపెనీ మూసేస్తే చట్టప్రకారం ఇచ్చే పరిహారంలో వారం జీతాన్ని 600 యూరోలకు మించి లెక్కపెట్టరు. ఇద్దరి జీతమూ 600 పైనే కాబట్టి ఇద్దరికీ ఒకటే వస్తుంది. దెబ్బ లేనిచోట ఉందని చెప్పడం నా పద్ధతి కాదు.

కనీస వేతనం సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. 2026లో అది గంటకు 14 యూరోల 15 సెంట్లు. తిండి బత్తా, ప్రయాణపు బత్తా, పనిముట్ల బత్తా, ఇవేవీ కనీస వేతనం లెక్కలోకి రావని 2000 సంవత్సరపు చట్టంలోనే ఉంది. అంటే గంటకు 12 ఇచ్చి, మిగతాది నైట్ అవుట్‌లో వచ్చేస్తుందిలే అనడం చెల్లదు.

మనవాళ్లకు ఇందులో ఇంకో ముడి ఉంది. ఇండియా లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవడం కుదరదు. హైదరాబాదు నుంచి ముంబయికి పదేళ్లు ట్రైలర్ నడిపినవాడైనా ఇక్కడ థియరీ పరీక్ష దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆ పైన డ్రైవర్ సీపీసీ అనే అర్హత, దాన్ని నిలుపుకోవడానికి ఐదేళ్లకు 35 గంటల తరగతులు. అందుకే ఇక్కడ లారీ ఎక్కిన తెలుగువాళ్లలో చాలామంది మరో పని మీద వచ్చి, తర్వాత నేర్చుకుని ఎక్కినవాళ్లే. పని పర్మిట్టు మీద ఉన్నవాడు జాగ్రత్తగా వినాలి. 2024 జనవరి నుంచి సాధారణ పర్మిట్టుకు ఏడాదికి కనీసం 34,000 యూరోల వేతనం ఉండాలని పెట్టారు, ఆ తర్వాత ఇంకా పెంచే బాట పట్టారు. అందులో తిండి ఖర్చు చేరదు. 30,000 జీతం, 6,000 నైట్ అవుట్ కలిపితే 36,000 కదా అని యజమాని అంటే, పర్మిట్టు ఆఫీసులో ఆ కూడిక ఒప్పుకోరు. అప్పుడు పోయేది ఈ దేశంలో ఉండే హక్కు. బేరాలాడేటప్పుడు ఇది అన్నిటికంటే ముందు గుర్తుండాలి.

ఈ జీతం–బత్తెం తగవు కొత్తదీ కాదు, ఐర్లండ్‌కు మాత్రమే చెందిందీ కాదు. మన నేల మీదే దీనికో పెద్ద కథ ఉంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో దండు కదిలినప్పుడు అధికారులకు జీతం మీద బత్తా ఇచ్చేవారు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను మన దగ్గరే నేర్చుకుని వాళ్ల కాగితాల్లోకి ఎక్కించారు. కన్నడంలో భత్త అంటే వడ్లు, ఆ మాట నుంచే వచ్చిందంటారు కొందరు. ప్లాసీ యుద్ధం తర్వాత బెంగాల్ నవాబు మీర్ జాఫర్ దాన్ని రెట్టింపు చేశాడు. దండు కదలకపోయినా డబుల్ బత్తా అలవాటైపోయింది. 1766లో కంపెనీ తరఫు బెంగాల్ గవర్నరు క్లైవ్ దాన్ని కోసేస్తే, ముంగేరులోనూ ఇతర కంటోన్మెంట్లలోనూ తెల్ల అధికారులు కూడబలుక్కుని ఉద్యోగాలకు రాజీనామాలిచ్చారు. యుద్ధంలో నిలబడ్డవాళ్లు బత్తా దగ్గర తిరగబడ్డారు! దారి ఖర్చు జీతంలా అలవాటైతే, దాన్ని దారి ఖర్చుగా మళ్లీ చూడటం మనిషి వల్ల కాదు. కంపెనీ సైన్యంలో ఐర్లండ్‌వాళ్లు ఎందరో ఉండేవారు. బత్తా అనే మాట ఈ దేశపు సిపాయి నోట అప్పుడే పలికి ఉంటుందని నా ఊహ.

ఇదే తగవు రెండున్నర శతాబ్దాల తర్వాత యూరప్ న్యాయస్థానానికి ఎక్కింది. హంగరీ డ్రైవర్లు ఫ్రాన్స్‌లో పనిచేస్తూ, మాకు ఫ్రాన్స్ కనీస వేతనం ఇవ్వలేదని దావా వేశారు. ఇచ్చిన రోజు బత్తా కలిపితే సరిపోయింది కదా అన్నాడు యజమాని. 2021 జులై 8న తీర్పు వచ్చింది. ప్రయాణం, తిండి, బస లాంటి నిజంగా అయిన ఖర్చును తిరిగి ఇచ్చేది వేతనం కాదు. పరదేశంలో ఎన్నాళ్లుంటే అంత పెరుగుతూ, ఖర్చుతో సంబంధం లేకుండా ఇచ్చేదైతే, దాన్ని వేతనంలో లెక్కపెట్టుకోవచ్చు. అంటే పేరును కాదు, ఆ డబ్బు చేసే పనిని చూడమన్నారు. నాకు తెలిసినంతలో ఈ విషయం మీద ఇంతకంటే తెలివైన మాట ఎవరూ అనలేదు. మరో మేలు 2020 ఆగస్టు నుంచి ఉంది. వారానికోసారి తీసుకోవలసిన 45 గంటల విశ్రాంతిని డ్రైవరు బండిలో గడపకూడదు, గది యజమానే చూపించాలి, అద్దె అతనే కట్టాలి. కాబట్టి ఆ రెండు రాత్రులకు ‘నైట్ అవుట్ ఇచ్చాం కదా, నువ్వే చూసుకో’ అనడానికి వీల్లేదు.

అమెరికాలో బేరం ఇంకో రకం. అక్కడ డ్రైవరుకు మైలుకు ఇంత అని ఇస్తారు. అందులో కొన్ని సెంట్లను పెర్ డియంగా చూపించే కంపెనీలున్నాయి. రవాణా పనివాళ్లకు 2024 అక్టోబరు నుంచి రోజుకు 80 డాలర్లు హద్దు. 2018 నుంచి కంపెనీ డ్రైవరు తన తిండి ఖర్చును తనంతట తాను పన్నులో తగ్గించుకోలేడు, సొంత బండి ఉన్నవాడే తగ్గించుకోగలడు. అందుకే కంపెనీ ఇచ్చే పెర్ డియం మీద అక్కడ అంత ఆశ, అన్ని అనుమానాలు. ఇండియాలోనూ పాత పన్ను పద్ధతిలో, రవాణా ఉద్యోగికి దారిలో సొంత ఖర్చులకిచ్చే భత్యంలో 70 శాతం, ఒక హద్దు మించకుండా, పన్ను నుంచి తప్పించారు. మా మామయ్యకు ఆ సంగతే తెలియదు. పన్ను కట్టేంత జీతం ఆయనకు ఎన్నడూ లేదు.

ఇంతకీ బత్తా తీసుకోవాలా వద్దా అని మా డ్రైవర్లు నన్ను అడుగుతుంటారు. తీసుకోండి. రోడ్డు మీద తిన్న అన్నానికి పన్ను కట్టాల్సిన ఖర్మ ఎవరికీ వద్దు. తగిన బత్తా ఇవ్వని కంపెనీ పనివాడి కడుపు కొడుతున్నట్టే. కానీ కొత్త ఉద్యోగానికి వెళ్లి ‘వారానికి ఎంత చేతికొస్తుంది’ అని ఒక్క ప్రశ్న అడిగి చేతులు కలపకండి. జీతం ఎంత, బత్తెం ఎంత అని రెండు ప్రశ్నలు అడగండి. జీతం ఎంతో ముందు తేలాలి, బత్తెం దాని పైన రావాలి, దానిలోంచి కాదు. ఇల్లు కొందామని, కుటుంబాన్ని తెచ్చుకుందామని ఉన్నవాడికి వారానికి 65 యూరోల కంటే కాగితం మీది జీతం విలువైంది. రెండేళ్లు సంపాదించుకుని ఊరికి పోదామనుకునేవాడి లెక్క వేరు, వాణ్ని నేను తప్పుపట్టను.

మరో రకం మోసం గురించి కూడా రెండు ముక్కలు. ‘నువ్వు ఉద్యోగివి కాదు, స్వయం ఉపాధివాడివి, బండి మాది, బిల్లు నువ్వివ్వు’ అంటారు కొందరు. అప్పుడు సెలవు జీతం లేదు, యజమాని చందా లేదు, బత్తా మాటే లేదు. 2023 అక్టోబరులో ఇక్కడి సుప్రీంకోర్టు డోమినోస్ పిజ్జా తెచ్చిచ్చే డ్రైవర్ల కేసులో, పన్ను లెక్కలకు వాళ్లు ఉద్యోగులేనని తేల్చింది. కాగితం మీద రాసిన పేరును పక్కనపెట్టి పని ఎలా జరుగుతోందో చూడమంది. పిజ్జా డబ్బాకు వర్తించిన తర్కం నలభై టన్నుల బండికి వర్తించకుండా పోదు.

ఈ శుక్రవారం మీ చేతికి జీతం చీటీ వస్తుంది. చీటీ ఇవ్వడం 1991 చట్టం ప్రకారం యజమాని బాధ్యత, మీరు అడుక్కునేది కాదు. నైట్ అవుట్ డబ్బు ఏ వరసలో ఉందో చూడండి. స్థూల జీతం పైన ఉందా, పన్ను పోయాక అడుగున విడిగా కలిపారా? ఆ వారం మీరు ఎన్ని రాత్రులు బయట పడుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టి, ఆ అంకెతో పోల్చి చూడండి. పొంతన లేకపోతే ముందు ఆఫీసులో అడగండి. అక్కడ జవాబు రాకపోతే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు రాయండి. ఫిర్యాదుకు ఆరు నెలలే గడువు, దాటనివ్వకండి.